రెండు పదునులు కలిసేదాకా

తప్పు చేసినవాడే ఆ తప్పును రాసిపెట్టడం మంచిదని నా నమ్మకం. ఇతరులు రాస్తే అందులో దయ ఎక్కువ కావచ్చు, కోపం ఎక్కువ కావచ్చు, కొలత మాత్రం తప్పుతుంది. నా ఉద్యోగపు తొలినాళ్ళలో నేను చేసిన ఒక తప్పునూ, దానిని దిద్దిన ఒక ముసలమ్మ తెలివినీ కళ్ళారా చూసినవారిలో ఇప్పుడు మిగిలింది నేనూ మా అక్కా ఇద్దరమే. అక్కకు ఈమధ్య నిన్నటి మాట ఇవాళ గుర్తుండడం లేదు. కనుక ఈ పనిని ఇక వాయిదా వేయరాదని తలచి, నా ఈడువారు చదువుతారన్న ధైర్యంతో, ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను.

ఇప్పుడే గుర్తు రావడానికి కారణం మా మేనల్లుడు. ఈ ఏడు మిర్గం ఇంకా రెండు రోజులున్నదనగా (మృగశిర కార్తెను మా వైపు మిర్గం అంటాము) వాడు ఫోను చేశాడు. తొమ్మిదేళ్ళు దుబాయిలో పనిచేసి తిరిగి వచ్చి, తన నాయినమ్మ సాగుచేసిన నల్లరేగడినే ఇప్పుడు తానూ సాగుచేసుకుంటున్నాడు.

“మామా, నిన్న జబర్దస్త్ వాన కొట్టింది. ఫోన్ల ఇంకా నాలుగొద్దులు వాననే చూపెడ్తుంది. ఊరంత విత్తులు పెడ్తున్రు. మనం పెట్టాల్నా, ఆగాల్నా? నువ్వు బడిల గీ ముచ్చట్లే చెప్పినోనివి, జర చెప్పు” అన్నాడు.

రేపు చెబుతానని ఫోను పెట్టేశాను. వాడు ఆశ్చర్యపోయి ఉంటాడు. ప్రశ్నకు జవాబు మరుసటి రోజుకు మిగల్చడం నా అలవాటు కాదు. అయితే దాదాపు ఏభై ఏళ్ళ కిందట ఇదే చేనును గురించి, ఇదే ప్రశ్నకు, నేను ఒక్క క్షణమైనా ఆగకుండా జవాబు చెప్పి ఉన్నాను.

నేను పుట్టి పెరిగింది మంథని దగ్గర, గోదావరి గట్టుకు కూతవేటు దూరంలో. మా నాన్నను బాపు అనేవాళ్ళం. బాపు వారంలో ఆరు రోజులు వరి పొలంలోనూ, ఏడవ రోజు మా క్రైస్తవ మందిరం గంట తాడు దగ్గరా కనిపించేవాడు. రెండుచోట్లా ఆలస్యాన్ని సహించేవాడు కాడు. ఒక వస్తువు ఉండవలసిన చోట ఉండకపోతే నాకు ఇప్పటికీ అన్నం సహించదంటే ఆ గుణం ఆయన పెట్టిందే. వరి దేశపు పిల్లవాడికి వాన అంటే ఒకటే అర్థం: మడిలో నీరు నిలిచిందా, పని మొదలుపెట్టు. నీరు కంటికి కనబడితే చాలు, ఇక ఆలోచించవలసినది లేదు.

చదువు ముగించి టీచరు శిక్షణ పూర్తి చేశాక, నాకు మొదటి ఉద్యోగం ఆదిలాబాద్ వైపు ఒక ఊళ్ళో, మా మిషను వారి బడిలో దొరికింది. అదే ఊరు మా అక్క అత్తగారి ఊరు కావడం వల్ల, బస కోసం వెతుక్కునే పని లేకపోయింది. బావ మందమర్రి గనిలో పనిచేసేవాడు. నెలకొకసారి బస్సులు మారి వచ్చి రెండు రోజులుండి పోయేవాడు. ఇంటిలో ఉండేది అక్కా, ఆమె అత్తగారూ. ఉన్న చేనంతా ఆ ఇద్దరు ఆడవాళ్ళ చేతి మీదనే సాగేది. అక్క అత్తగారిని నేను అత్తమ్మ అనేవాణ్ణి. ఆమె నన్ను ఇంట్లో బిడ్డా అనీ, ఎగతాళి చేయదలచినప్పుడు సారూ అనీ పిలిచేది. సారూ అన్న పిలుపే ఎక్కువగా వినిపించేది.

నల్లరేగడిని నేను అంతకుముందు పుస్తకంలోనే చూశాను. లెక్కకు అందనంత పాతకాలంలో భూమి కడుపులోంచి నిప్పు పొంగి, పొరలు పొరలుగా పారి, చల్లారి రాయై, ఆ రాయి ఎండకూ వానకూ అరిగి అరిగి ఈ మన్ను అయిందని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ మన్ను ఎండాకాలంలో ఎలా ఉంటుందో చేనిలో కాలుపెట్టేదాకా తెలియలేదు. చేయి దూరేంత వెడల్పున నెర్రెలు విచ్చి, ఏదో దీర్ఘ రోగం నుండి లేచిన మనిషి పెదవుల వలె ఉన్నది. అత్తమ్మ ఒక గులకరాయి తీసి నెర్రెలో వేసి, చెవి ఒగ్గి వినమన్నది. రాయి తాకుతూ తాకుతూ లోపలికి పోయిన చప్పుడు వినవచ్చింది. భూమి ఇంకా నోరు తెరిచే ఉన్నదని దాని అర్థమట.

బావ ఒకసారి గని నుండి ఒక నల్లని పలక రాయి తెచ్చాడు. దాని మీద పొడవాటి ఆకు ఒకటి, నడుమ ఈనెతో సహా, అచ్చు వేసినట్లు ఉన్నది. మందమర్రి కింద ఉన్న బొగ్గంతా ఒకనాటి చిత్తడి అడవేననీ, ఆనాటి చెట్లు తాగిన ఎండే ఈనాడు మన పొయ్యిలో మండుతున్నదనీ నేను గొప్పగా వివరించాను. అత్తమ్మ రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది.

“గీ ఆకు తినెటందుకు గప్పుడు ఒక్క మేకన్న లేకపాయెనా సారూ?” అన్నది. ఆ తరువాత, నవ్వు ఆపుకొని, “అడివేమో బొగ్గయింది, అగ్గేమో మన్నయింది. నా కొడుకు దాని కింద, నేను దీని మీద. ఇంటికి రెండు దిక్కుల నుంచి బువ్వ పెడ్తున్నది ఒక్క తల్లే” అన్నది.

నేను ఒక నెల పట్టి చెప్పిన పాఠాన్ని ఆమె రెండు మాటలలో చెప్పింది. అయినా నాకు అప్పటికి ఇరవై రెండేళ్ళు. మెచ్చుకోవడం నేర్వని వయస్సు.

ఇక నా వానమాపకం సంగతి. బడిలో రాగి గరాటూ, లోపల సీసా, పక్కన గాజు కొలపాత్రా గల వానమాపకం ఒకటి మూలన పడి ఉంటే, దానిని తోమించి, రోజూ ఉదయం ఎనిమిది గంటలకు కొలత తీసి రిజిస్టరులో రాసే ఏర్పాటు చేశాను. అది మొదట ఆటస్థలం నడుమ వంకరగా పాతి ఉండేది. నాకు అది కంటిలో నలుసైంది. జెండా కర్ర, సున్నం వేసిన రాళ్ళ వరుస, పూలమొక్కలు అన్నీ బడి గోడకు సమాంతరంగా ఒక గీతలో ఉండగా ఇదొక్కటే దారి తప్పిన గొడ్డు వలె నిలబడితే ఎట్లా? ఆ వేసవి సెలవుల్లో దానిని పెరికించి, గోడ దగ్గర, వరుసలో సరిగ్గా పాతించాను. చూసినవారందరూ బడికి కళ వచ్చిందన్నారు.

ఆ ఏడు బావ రోహిణి కార్తెకు ముందే వచ్చి, ఒక మాట కరాఖండిగా చెప్పిపోయాడు. అంతకుముందు రెండేళ్ళూ పంట సరిగా చేతికి రాలేదు. ఈసారి కూడా పోతే చేను ఎవరికైనా అప్పగించి, అందరూ మందమర్రి కాలనీకి రావలసిందేననీ, ఇద్దరు ఆడవాళ్ళు మన్నుతో పోట్లాడుతుంటే గనిలో తనకు పని మీద మనసు నిలవడం లేదనీ అన్నాడు. న్యాయమైన మాటే. అత్తమ్మ ఆయనకు ఎదురు చెప్పలేదు. బస్సు పోయిన తరువాత అక్కతో, “నన్ను బొగ్గుల నాటితే మొలుస్తనానే?” అని మాత్రం అన్నది. ఆ మాట విని అక్క కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఈ ఏడు పంట నిలిస్తే ఆ ముసలమ్మ తన మన్ను మీద ఉంటుంది, లేకుంటే లేదు. అంతే సంగతి.

ఆ ఊరి మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. విత్తడానికి ముందు వచ్చే ఆదివారం నాడు ప్రతి ఇంటివారూ విత్తనాల గంప మందిరానికి తెచ్చి ప్రార్థన చేయించేవారు. పత్తి గింజలను పేడనీళ్ళతో రుద్ది, బూడిదలో పొర్లించి, ఒకదానికొకటి అంటుకోకుండా చేసి తెచ్చేవారు. ఇంటికి పోయాక అందులో మూడవ వంతు తీసి, వేరే కుండలో పోసి, మూతికి పేడమట్టి మెత్తి అటక మీద పెట్టేవారు. దానిని దేవుని పాలు, అంటే దేవుని వాటా, అనేవారు. చేనిలో మొలిచిన మొక్క నాలుగు ఆకులు వేసేదాకా దానిని ముట్టరాదు. నాకు ఇది బొత్తిగా నచ్చలేదు. విత్తనమంతా ఒకేసారి వేస్తే మొక్కలన్నీ ఒకే ఈడులో, ఒకే ఎత్తులో, చూడముచ్చటగా లేస్తాయి గదా అని వాదించాను.

“చేను నీ బడి లైను కాదు సారూ” అన్నది అత్తమ్మ. కుండ అటకెక్కింది.

మిర్గం రాకముందే, ఒకనాటి మధ్యాహ్నం, పడమటి నుండి మొగులు లేచి, ఈదురుగాలితో ఏటవాలుగా గంటసేపు వాన దంచికొట్టింది. మరునాడు ఎనిమిది గంటలకు నేను కొలత తీస్తే, కొలపాత్ర నిండి, పారబోసి మళ్ళీ కొలవవలసి వచ్చింది. మళ్ళీ నిండింది. నా సంతోషానికి మేర లేదు. రిజిస్టరు చంకన పెట్టుకొని ఇంటికి వచ్చి, విత్తడానికి కావలసిన దానికంటే ఎక్కువ వానే పడిందనీ, ఇక ఒక్క రోజు ఆలస్యం చేసినా తప్పేననీ ప్రకటించాను. సముద్రం మీద గాలి వేడెక్కడం, నీటిని మోసుకొని నేల మీదికి రావడం, కొండలకు తాకి పైకి లేచి చల్లబడి వాన కావడం అంతా వాకిట్లో నిలబడి వివరించాను.

అత్తమ్మ శ్రద్ధగానే విన్నది. “గంత దూరం నుంచి వచ్చిన చుట్టం, కడపల కాలు పెట్టంగనే పని చెప్తవా? జర కూసోనియ్యి. లోపటికి పోనియ్యి” అన్నది. చేనిలో మోచేతి దాకా తవ్వి చూడాలని ఆమె పట్టు. పైన తడిసిన మన్నును పై పదును, కింద పోయిన ఏటి నుండి మిగిలి ఉన్న తడిని కింది పదును అనేవారు. రెంటికీ నడుమ పొడిమన్ను ఉన్నంత కాలం విత్తరాదు. “పై పదును, కింది పదును వియ్యపురాండ్లు బిడ్డా. ఇద్దరు మొఖాలు చూసుకోకముందే లగ్గం పెడితే పెండ్లి నిలవదు.”

నేను రిజిస్టరు తెరిచి అంకె చూపించాను. అంకె మీద నాకున్నంత గౌరవం అక్కకు నా మీద ఉండేది. “తమ్ముడు చదువుకున్నోడు అత్తా. ఊరికెనే చెప్తడా? మనం ఆగి ఆగి వెనుకవడితే ఆయన ఏమంటడు?” అన్నది. కోడలి ముఖం చూసి అత్తమ్మ లేచి, కొడవలి కొంకికి తగిలించి, “మంచిది, పెట్టుండ్రి. రెండు పాళ్ళే” అన్నది. ఆమె తన తెలివి తప్పని ఒప్పుకోలేదు. కోడలి భయాన్ని చూసి తగ్గింది. ఈ భేదం నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

రెండు రోజులలో విత్తారు. బడికి ఇంకా వేసవి సెలవులే కనుక నేను కూడా తాడు పట్టుకొని వరుసలు సరిచేశాను. ఐదవ నాటికి మొలక లేచింది. ఆ లేత పచ్చని గీతలను చూసి నేను పొందిన గర్వం రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది. ఆ తరువాత వాన లేదు. మిర్గం ప్రవేశించింది, ఆ రోజు ఆనవాయితీగా తినే ఇంగువ బెల్లం ఉండలు పంచుకున్నారు, వాన లేదు. మొగులు రోజూ వచ్చి, పని లేని మనిషి వలె ఊరి మీద తిరిగి పోయేది. మొలకలు మొదట తల వాల్చాయి, తరువాత అంచులు ఎర్రబారాయి, పదిహేను రోజులకు వేలితో తాకితే పొడియై రాలేవి. పైన తడి ఎండిపోయింది, కిందికి వేరు దిగలేదు. నడుమనున్న పొడిమన్ను గోడ వలె అడ్డు నిలిచింది. అక్క నాకు అన్నం వడ్డించి పక్కకు చూసేది. అంతకంటే ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఒకనాటి ఉదయం, ప్రార్థన గంట కొట్టకముందే, అత్తమ్మ బడికి వచ్చింది. ఎన్నడూ రాని మనిషి. “నీ గిన్నె యాడున్నది, చూపెట్టు” అన్నది. చూపించాను. ఆమె గరాటులోకి చూడలేదు. తల పైకెత్తి బడి కప్పును చూసింది. గూనపెంకుల చూరు, సరిగ్గా గరాటు మీదికి కాకున్నా, గాలి తోసినప్పుడు ధార అందులో పడేంత దగ్గరలో ఉన్నది. గోడ అడుగున ధార పడిన గుంటలు కూడా వరుసగా ఉన్నాయి. ఆమె ఆ గుంటలను కాలి బొటనవేలితో చూపించింది.

“సారూ, నీ గిన్నెల రెండు వానలు పడ్డయి. ఒకటి మొగులుది, ఇంకోటి మీ బడిది.”

వానమాపకాన్ని గోడకూ చెట్టుకూ దూరంగా, ఆరుబయట పెట్టాలన్న నియమాన్ని నేనే నల్లబల్ల మీద రాసి, పిల్లలచేత ఎత్తి రాయించి ఉన్నాను. వరుస అందం కోసం నా పాఠాన్ని నేనే తుడిచివేశాను. తలవంచుకొని నిలబడితే ఆమె నా భుజం మీద చేయి వేసి, “గిన్నె అబద్ధం చెప్పలే బిడ్డా. నిలబెట్టిన చోటు చెప్పింది. ఫికర్ చేయకు, దేవుని పాలు ఉన్నది” అన్నది.

ఆరుద్ర కార్తెలో ముసురు పట్టింది. నాలుగు రోజులు, ఉరుము లేకుండా, తొందర లేకుండా, చేను తాగేంత నెమ్మదిగా పడింది. ఐదవ నాడు ఆమె వెంట నేనూ పోయాను. నెర్రె ఉన్నచోట గులకరాయి వేస్తే అది పైననే నిలిచింది. భూమి నోరు మూసుకున్నది. మోచేతి దాకా తవ్వాము. పొడిమన్ను ఎక్కడా తగలలేదు. అడుగు మన్ను తీసి ముద్దచేసి, మోకాలి ఎత్తునుండి వదిలితే అది చిట్లింది గాని పొడి కాలేదు. “కలిసిన్రు” అన్నది ఆమె. వియ్యపురాండ్లను గురించి.

ఉన్నది మూడవ వంతు విత్తనమే కనుక ఆమె ఎడం పెంచి పెట్టించింది. నడుమ మిగిలిన జాగాలో కంది వేయించింది. ఈసారి నేను తాడు పట్టలేదు. వరుసలు కొంచెం వంకరగానే వచ్చాయి. ఎడం దొరికిన మొక్కలు గుబురుగా పెరిగి, వేరు లోతుకు దిగి, నడుమ వచ్చిన ఎండలను తట్టుకున్నాయి. పంట విరగపండిందని అనను, అది అబద్ధమవుతుంది. కాని నిలిచింది. క్రిస్మసుకు బావ వచ్చి, చేనంతా తిరిగి, తెల్లగా విచ్చిన కాయలను చూసి, కాలనీ మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను మాత్రం వదలలేదు. “ఏం బామ్మర్దీ, మీ బడి మీద పడ్డ వాన మా చేను దాకా నడిచి రాలేదటగా? తొవ్వ చూపెట్టకపోతివా?” అన్నాడు. అందరూ నవ్వారు. అత్తమ్మ అందరికంటే ఎక్కువగా నవ్వింది. ఆమె ఆ తరువాత పదకొండేళ్ళు ఆ మన్ను మీదనే బతికి, దానిలోనే నిద్రించింది.

వానమాపకాన్ని మళ్ళీ ఆటస్థలం నడుమకు మార్చాను. రిజిస్టరులో ఆ వేసవి నుండి రాసిన ప్రతి కొలత ఎదుటా ఎర్రసిరాతో, ఇది చూరు కింద తీసిన కొలత, నమ్మదగినది కాదు అని రాసి సంతకం చేశాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను అంత నమ్మకంతో పెట్టిన సంతకం మరొకటి లేదు.

తరువాత ఎన్ని పుస్తకాలు చదివినా, సముద్రమూ గాలీ అడవీ మన్నూ వేరూ ఒకదానినొకటి పట్టుకొని నడుస్తాయన్న సంగతి నాకు ఆ మోచేతి గుంటలో అర్థమైనంతగా ఎక్కడా కాలేదు. ఎక్కడో సముద్రం మీద వేడెక్కిన గాలి, యుగాల నాటి నిప్పు మిగిల్చిన మన్నులోకి దిగి, పోయిన ఏటి వానను తాకే చోటు అది. అక్కడ ఒక గింజ కూడా ఉంటుంది. ఆ గింజను ఎప్పుడు పెట్టాలో తెలిసిన మనిషి అక్షరం రానిది. అక్షరం వచ్చిన నేను పై పదునును మాత్రమే కొలిచాను.

ఇప్పుడు చాలా మారింది. కార్తెల మాట వాన వినడం లేదు. నెలకు సరిపడేది ఒక్క పూటలో పడి, మన్నును కడుక్కొనిపోతున్నది, ఆ తరువాత వారాల తరబడి ముఖం చూపడం లేదు. ఊరి చుట్టూ ఉండిన అడవి పలచబడి, వచ్చిన మొగులుకు ఆగాలనిపించే చోటు తక్కువైంది. మందమర్రిలో తవ్విన ఆనాటి ఎండనంతా మనం తొందరగా కాల్చివేస్తున్నాము. దాని ఫలితం మేనల్లుడి చేను దాకా వస్తున్నదని చదువుతున్నాను, నమ్ముతున్నాను. విత్తనం రంగు పూసుకొని ప్యాకెట్టులో వస్తున్నది. మందిరంలో విత్తనాల ప్రార్థన ఇంకా జరుగుతున్నది. అటక మీద కుండ మాత్రం ఏ ఇంట్లోనూ లేదు. అత్తమ్మే ఉంటే ఈ కొత్త వానలను ఎట్లా చదివేదో నాకు తెలియదు. నేర్చుకునేది అనుకుంటాను. ఆమె ఎన్నడూ కార్తెను చూసి విత్తలేదు. చేయి పెట్టి చూసి విత్తింది.

మరునాడు ఉదయం మేనల్లుడికి ఫోను చేశాను. విత్తమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఫోను జేబులో పెట్టుకొని, చేనిలో నాలుగుచోట్ల మోచేతి దాకా తవ్వి చూడమన్నాను. మూడు ప్యాకెట్లలో ఒకటి విప్పకుండా పక్కన పెట్టమన్నాను. గంట తరువాత వాడే చేశాడు.

“మామా, జానెడు కిందికే పొడి తగిలింది. ఆగుతున్న. పక్క చేనోళ్ళు నవ్వుతున్రు.”

నవ్వనియ్యి అన్నాను. ఇది రాస్తున్న నాటికి వాడు ఇంకా ఆగే ఉన్నాడు. వాడు ఆగడం ఒప్పో తప్పో కూడా నేను నిశ్చయంగా చెప్పలేను. ముసురు వచ్చి రెండు పదునులూ కలిశాక మన్నే చెబుతుంది.

చివరగా ఒక మనవి. దీనిని జ్ఞాపకం నుండి రాశాను. జ్ఞాపకం కూడా గరాటు వంటిదే, దానిలో ఎన్ని చోట్ల నీరు పడిందో మోసేవాడికి తెలియదు. నా ఈడువారిలో, ముఖ్యంగా నల్లరేగడిలో చేయి పెట్టినవారిలో, కార్తె విషయంలో గాని, పదును విషయంలో గాని, అత్తమ్మ మాటల విషయంలో గాని నేను పొరబడ్డానని తోచినవారు మొహమాటపడక తెలియజేయండి. ఎర్రసిరా సీసా ఇప్పటికీ నా బల్ల మీదనే, కుడివైపు మూలన, ఉండవలసిన చోటనే ఉన్నది. నేను వరుస చూసుకుంటూ కూర్చుంటాను. తల పైకెత్తి చూరును చూడవలసింది మీరే.